విదేశంలో సెమిస్టర్ చివరి ఐదు వారాలు ఎలా గడపాలి?

మీరు అడిగింది ఇది: ఒక సెమిస్టర్ చదువు కోసం వేరే దేశం వెళ్లారు. తిరుగు ప్రయాణానికి ఐదు వారాలే ఉంది. మధ్యలో పరీక్షలున్నాయి. చూడాలనుకున్న చోట్లు చాలా మిగిలిపోయాయి. ఇప్పుడిప్పుడే దగ్గరైన స్నేహితులను వదిలి రావాలంటే మనసొప్పడం లేదు. ఉన్న కొద్ది రోజులనూ దిగులుతో పాడుచేసుకోకుండా సంతోషంగా గడపడం ఎలా?

ముందు అసలు సంగతి చెప్తాను. చూడాల్సినవి మిగిలిపోయినందుకు చివరి వారాలు పాడవవు. పరీక్షలు, గది అప్పగింత, ఆఫీసు కాగితాలు, సామాను, వీడ్కోలు విందులు అన్నీ ఆఖరి ఆరేడు రోజుల మీద ఒక్కసారిగా వచ్చి పడితే పాడవుతాయి. అందుకని సరదాల గురించి ఆలోచించేముందు పనుల గురించి ఆలోచించండి. ఈ వారం, వచ్చే వారం కాస్త కష్టపడి కాగితాల పని ముగిస్తే ఆఖరి వారం మీ చేతిలో ఉంటుంది. ఆ వారంలో కొత్తగా ఏమీ చేయనక్కర్లేదు. ఇన్నాళ్లూ మీకు నచ్చిన మామూలు రోజుల్నే మళ్లీ తీరిగ్గా గడపండి.

ముందుగా లెక్క

ఒక పెద్ద కాగితం మీద ఐదు వారాలకు గళ్లు గీసి గోడకు అంటించండి. ఫోన్ క్యాలెండర్ ఈ పనికి చాలదు, మొత్తం ఒక్క చూపులో కనబడాలి. కదపలేని తేదీలు ముందు రాయండి: ప్రతి పరీక్ష, ప్రతి అసైన్‌మెంట్ గడువు, గది ఖాళీ చేయాల్సిన రోజూ గంటా, విమానం, వీసా లేదా నివాస అనుమతి ముగిసే తేదీ, ఆరోగ్య బీమా ముగిసే తేదీ, లైబ్రరీ పుస్తకాల గడువు. యూనివర్సిటీ ఆఫీసుల సెలవులు కూడా రాయండి. డిసెంబరులో ముగిసే సెమిస్టర్ అయితే ఇది మరీ ముఖ్యం. చాలా దేశాల్లో సంవత్సరాంతపు సెలవులకు ఆఫీసులు మూసేస్తారు, సంతకం కావాల్సిన కాగితం అక్కడే ఆగిపోతుంది. గది గడువుకూ విమానానికీ మధ్య ఒక రాత్రి ఖాళీ వస్తోందేమో కూడా ఇప్పుడే చూసుకోండి. ఉదయం పదింటికి గది ఖాళీ చేసి మర్నాడు తెల్లవారుజామున విమానం ఎక్కాలంటే, ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో, పెట్టెలు ఎక్కడ పెట్టాలో ముందే మాట్లాడుకోవాలి.

ఇప్పుడు శని, ఆదివారాలు లెక్కపెట్టండి. ఐదు వారాలకు ఐదు జతలు. పరీక్షల ముందుది చదువుకు పోతుంది. చివరిది సామానుకూ గది శుభ్రానికీ పోతుంది. మిగిలేవి మూడు. వీటిని ఇప్పుడే పంచుకోండి: ఒకటి ఊరు దాటి వెళ్లే ప్రయాణానికి, ఒకటి మీరున్న ఊరికే, మూడోది పూర్తిగా ఖాళీ. ఖాళీగా ఉంచమంటే చాలామందికి మింగుడుపడదు కానీ, చివరి వారాల్లో మంచివన్నీ అప్పటికప్పుడు వచ్చే పిలుపులతోనే జరుగుతాయి. ఎవరో ఇంటికి భోజనానికి పిలుస్తారు, ఎవరో నదీతీరానికి పోదాం రమ్మంటారు. గళ్లన్నీ నిండిపోయి ఉంటే వాటికి కాదనాల్సి వస్తుంది.

మిగిలిన కాలాన్ని ఇలా చిన్న సంఖ్యగా చూడటం దిగులు పెంచుతుందని భయపడకండి. 2008లో జేమీ కర్ట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ ముగియడానికి ఆరు వారాలున్న విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరిని ముగింపు బాగా దగ్గరపడిందని తోచేలాగా, కొందరిని ఇంకా చాలా సమయం ఉందని తోచేలాగా ఆలోచింపజేసి, రెండు వారాల పాటు తమ కాలేజీ జీవితం గురించి రాయించారు. ముగింపు దగ్గరపడిందని రాసినవాళ్లే కాలేజీ కార్యక్రమాల్లో ఎక్కువగా పాల్గొన్నారు, వాళ్ల సంతోషమే పెరిగింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ముగింపు గుర్తొచ్చాక లేచి బయటికి వెళ్లినందువల్ల మేలు జరుగుతుంది. గదిలో కూర్చుని రోజులు లెక్కపెట్టుకుంటే జరగదు. అందుకే గోడ మీది కాగితంలో తేదీలతో పాటు పనీ, మనిషీ ఉండాలి. గురువారం సాయంత్రం ఎవరితో, ఎక్కడికి అన్నది రాసి ఉండాలి.

చూడాల్సిన చోట్ల జాబితాను కత్తిరించండి

ఇరవై చోట్ల జాబితా ఉంటే దాన్ని మూడుకు దించండి. దించడానికి ఒక పద్ధతి ఉంది. ప్రతి పేరు పక్కన మూడు ప్రశ్నలకు జవాబు రాయండి: ఇది ఈ ఊళ్లో ఉన్నప్పుడే సాధ్యమా, పదేళ్ల తర్వాత టూరిస్టుగా వచ్చినా చూడొచ్చా? నాకు నిజంగా ఇష్టమా, వెళ్లలేదంటే నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగా? నాతో వచ్చే మనిషి ఎవరు? పేరుమోసిన కట్టడం ఎక్కడికీ పోదు. మీ ల్యాబ్ బృందంతో కలిసి వెళ్లే ఒక చిన్న కొండ నడక మళ్లీ దొరకదు. ఈ లెక్కన చూస్తే జాబితా తనంతట తానే తగ్గుతుంది.

దూర ప్రయాణం ఒక్కటే పెట్టుకోండి, అదీ మొదటి రెండు వారాల్లో. విమానానికి ముందు వారంలో వేరే దేశానికి వెళ్లడం మంచి ఆలోచన కాదు. సమ్మె, మంచు, రైలు రద్దు, పోయిన పాస్‌పోర్టు, ఏది జరిగినా సరిదిద్దుకునే సమయం ఉండదు. స్నేహితులతో గడపాల్సిన సాయంత్రాలు స్టేషన్లలో పోతాయి.

మిగిలిన సమయం ఇప్పటికే తెలిసిన చోట్లకు ఇవ్వండి. మీరు రోజూ నడిచే దారి, ఎప్పుడూ కూర్చునే లైబ్రరీ మూల, ఆదివారం సంత, మొదటి వారం దారి తప్పిన వీధి. తిరిగి వెళ్లినప్పుడు ఒక్క మార్పు చేయండి: ఎప్పుడూ ఉదయం వెళ్లేచోటికి సాయంత్రం వెళ్లండి, బస్సులో పోయే దారిని నడవండి, ఒంటరిగా వెళ్లేచోటికి ఒకరిని తీసుకెళ్లండి. తెలిసిన చోటే కొత్తగా కనబడుతుంది, దాని కోసం టిక్కెట్టు కొననక్కర్లేదు.

కాగితాల పని

ఇదే ఎక్కువ వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు ఇంటికి చేరాక కూడా నెలల తరబడి వెంటాడుతుంది.

చదువుకు సంబంధించి: మీ సొంత యూనివర్సిటీ క్రెడిట్లు ఒప్పుకోవాలంటే ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పత్రం) ఒక్కటే చాలకపోవచ్చు. ప్రతి కోర్సుకూ పూర్తి సిలబస్, వారానికి ఎన్ని గంటలు, మార్కులు ఎలా వేశారు, చదవాల్సిన పుస్తకాలేవి అన్నవి పీడీఎఫ్‌గా దించుకోండి. దిద్దిన అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు నివేదికలు కూడా. కోర్సు వెబ్‌సైటు మీ లాగిన్‌తో పాటే మూసుకుపోతుంది, ఆ తర్వాత ఒక్కో కాగితానికీ ప్రొఫెసర్‌కు ఈమెయిల్ రాసుకోవాలి. సెమిస్టర్ మధ్యలో ఏ కోర్సైనా మార్చి ఉంటే, ఆ మార్పు లెర్నింగ్ అగ్రిమెంట్‌లో (ఏయే కోర్సులు చదువుతారో రాసుకున్న ఒప్పందం) మూడు పక్షాల సంతకాలతో, అంటే మీది, మీ యూనివర్సిటీది, అక్కడి యూనివర్సిటీది, ఉందో లేదో ఇవాళే చూడండి. క్రెడిట్లు ఆగిపోయే సందర్భాల్లో తరచుగా కనిపించేది ఇదే. యూరోపియన్ యూనియన్ విద్యార్థుల మార్పిడి కార్యక్రమమైన ఎరాస్మస్ ప్లస్ కింద వెళ్లినవాళ్లకైతే, ఫలితాలు వెలువడిన ఐదు వారాల్లోపు ట్రాన్స్‌క్రిప్ట్ పంపడం ఆతిథ్య యూనివర్సిటీ బాధ్యత. మీరు ఉన్న తేదీలను ధృవీకరించే పత్రం మాత్రం మీరు వెంటపడి తెచ్చుకోవాలి. దాని మీద తేదీ మీ చివరి పరీక్షకు ముందుది పడితే స్కాలర్‌షిప్ లెక్కలో ఆ రోజులు కోతపడతాయి. అందుకే సంతకానికి ఆఖరి రోజుల్లోనే వెళ్లాలి, అపాయింట్‌మెంట్ మాత్రం ఇప్పుడే తీసుకోవాలి. ఒక సబ్జెక్టు పోతే మళ్లీ రాసే పరీక్ష ఎప్పుడు, ఎక్కడ, దూరం నుంచి రాయనిస్తారా అన్నది కూడా ఇప్పుడే అడిగి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి.

సిఫారసు లేఖ కావాలనిపించే ప్రొఫెసర్ ఉంటే ఆఫీసు వేళల్లో వెళ్లి ముఖాముఖి అడగండి. ఇప్పుడు మీ ముఖం, మీరు చేసిన ప్రాజెక్టు ఆయనకు గుర్తున్నాయి. ఏడాది తర్వాత ఒక ఈమెయిల్‌లో పేరు చూసి గుర్తుపట్టమంటే కష్టం. ప్రాజెక్టు పేరు, వచ్చిన మార్కు, మీరు చేసిన భాగం ఒక పేజీలో రాసిచ్చి రండి.

వీసా విషయంలో "చదువు ముగిసింది కదా, ఇంకో రెండు వారాలు తిరిగి వెళ్తాను" అనుకునేవాళ్లు నియమాలు జాగ్రత్తగా చదవాలి. అమెరికాలో జే-1 వీసా మీద ఉన్న ఎక్స్ఛేంజ్ విద్యార్థికి కార్యక్రమం ముగిసిన తర్వాత 30 రోజులు దేశంలో ఉండి తిరగడానికి వీలుంది. కానీ ఆ 30 రోజుల్లో సరిహద్దు దాటి పక్క దేశానికి వెళ్తే, అదే హోదా మీద మళ్లీ లోపలికి రానివ్వరు. షెంగెన్ దేశాల్లో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన యూరప్ దేశాల కూటమి) ఒక దేశం ఇచ్చిన విద్యార్థి అనుమతి మీద మిగతా దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండొచ్చు, అదీ అనుమతి గడువు ఉన్నంతవరకే. గడువు ముగిసిన మర్నాటి నుంచి ఉండాలంటే వేరే ఆధారం కావాలి. విమానాశ్రయంలో రెండు రోజుల తేడా కూడా లెక్కలోకి వస్తుంది, తర్వాతి వీసా దరఖాస్తులో ఆ మచ్చ కనబడుతుంది.

ఊరు వదులుతున్నట్టు నమోదు చేయించుకోవాల్సిన దేశాలు ఉన్నాయి. జర్మనీలో ఆబ్‌మెల్డుంగ్ అనే ఈ పని గది ఖాళీ చేయడానికి ఒక వారం ముందు నుంచి, చేసిన రెండు వారాల్లోపు ముగించాలి. ఆ కాగితం చూపిస్తేనే చాలాచోట్ల బీమా, ఇతర ఒప్పందాలు గడువుకు ముందే రద్దవుతాయి. జపాన్‌లో మునిసిపల్ ఆఫీసులో దేశం వదులుతున్నట్టు తెలిపి, ఆరోగ్య బీమా లెక్క తేల్చుకుని, నివాస కార్డును విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ దగ్గర తిరిగివ్వాలి. మీరున్న దేశంలో నియమం ఏదైనా, ఇంటర్నేషనల్ ఆఫీసును అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "నేను వెళ్లేముందు ఏయే ఆఫీసులకు తెలపాలి, ఎన్ని రోజుల ముందు?"

ఇక డబ్బు. ఇక్కడ క్రమం ముఖ్యం. జిమ్, ఇంటర్నెట్, నెలవారీ ప్రయాణ పాస్ లాంటివి ముందుగా రద్దు చేయాలి, ఎందుకంటే చాలావాటికి 30 రోజుల ముందు నోటీసు కావాలి. అంటే గడువు ఈ వారమే. రద్దు అభ్యర్థన పంపిన ఈమెయిల్, దానికి వచ్చిన జవాబు దాచుకోండి. తర్వాత గది డిపాజిట్. బ్యాంకు ఖాతా అన్నిటికన్నా చివర. డిపాజిట్ తిరిగి రావడానికి సమయం పడుతుంది: ఫ్రాన్స్‌లో గది మొదట ఎలా ఉందో అలాగే అప్పగిస్తే నెల, తేడాలుంటే రెండు నెలలు గడువు. ఇంగ్లండ్‌లో ఎంత తిరిగివ్వాలో ఇద్దరూ ఒప్పుకున్నాక పది రోజులు. జర్మనీలో నెలల తరబడి ఆపి ఉంచే యజమానులు ఎక్కువే. ఖాతా ముందే మూసేస్తే ఆ డబ్బు రావడానికి దారి ఉండదు. మూయక తప్పకపోతే, మీ దేశంలోని ఖాతాకు పంపమని వివరాలు రాసిచ్చి, యజమాని ఒప్పుకున్నట్టు ఈమెయిల్ తీసుకోండి.

ఫోన్ నంబరు కూడా చివరి దాకా ఉండాలి. బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. సిమ్ ఆగిపోయాక ఖాతాలోకి వెళ్లలేక, నంబరు మార్చుకుందామంటే దానికీ ఓటీపీ కావాల్సి వచ్చి ఇరుక్కుపోతారు. వెళ్లేముందు బ్యాంకు, ఈమెయిల్, స్కాలర్‌షిప్ పోర్టల్ అన్నిటిలో నంబరు మార్చండి లేదా ఆథెంటికేటర్ యాప్‌కు మారండి. యూనివర్సిటీ ఈమెయిల్‌తో తెరిచిన ఖాతాలన్నీ సొంత ఈమెయిల్‌కు మార్చుకోవాలి. యూనివర్సిటీ క్లౌడ్ డ్రైవ్‌లో ఫొటోలు పెట్టి మరిచిపోకండి. ఖాతా మూసినప్పుడు అవీ పోతాయి.

బీమా ఇంకా ఉన్నప్పుడే పన్ను నొప్పి, కళ్లజోడు, వాడుతున్న మందుల చీటీ లాంటివి చూసుకోండి. వైద్య రికార్డుల నకలు అడగండి. బీమా విమానం ఎక్కే రోజు వరకు ఉందా లేదా సెమిస్టర్ చివరి తేదీకే ఆగిపోతుందా అన్నది సరిచూసుకోండి, మధ్యలో ఖాళీ ఉంటే చిన్న ప్రయాణ బీమా తీసుకోండి.

ఇదంతా భయపెట్టేలా కనిపిస్తుంది కానీ, రోజుకు గంటన్నర చొప్పున నాలుగైదు రోజులు కూర్చుంటే మూడొంతులు తేలిపోతుంది. మంగళ, బుధవారాల ఉదయాలు ఆఫీసులకు పెట్టుకోండి.

పరీక్షలు

ముందు మీ మార్కు ఎలా లెక్కలోకి వస్తుందో తెలుసుకోండి. కొన్ని యూనివర్సిటీలు విదేశపు మార్కును పాస్, ఫెయిల్‌గా మాత్రమే తీసుకుంటాయి, కొన్ని సగటులో కలుపుతాయి. కలపని చోట పాస్‌కు ఎంత కావాలో లెక్కవేసి, దానికి పైన భద్రంగా కాస్త మిగులు పెట్టుకుని చదివితే చాలు. పగలు తొంభై నిమిషాల చొప్పున మూడు దఫాలు గట్టిగా చదివి సాయంత్రం పుస్తకం మూసేయడం మేలు. రోజంతా పుస్తకం ముందేసుకుని ఫోన్ చూస్తూ కూర్చుంటే చదువూ రాదు, సాయంత్రమూ మిగలదు. అక్కడి స్నేహితులతో కలిసి చదవండి. పరీక్షల కాలంలో వాళ్లతో గడిపే దారి అదొక్కటే.

మనుషులు

చివరికి గుర్తుండేది వీళ్లే కాబట్టి దీనికి ఎక్కువ ఆలోచన పెట్టండి.

మొదటి చిక్కు: అందరూ ఒకే రోజు వెళ్లరు. మీకన్నా పది రోజుల ముందు వెళ్లిపోయే స్నేహితురాలు ఉంటే, చివరి వారంలో పెట్టిన వీడ్కోలు విందుకు ఆమె ఉండదు. ఇప్పుడే ఒక షేర్డ్ షీట్ తెరిచి అందరి ప్రయాణ తేదీలూ రాయించండి. అందరూ కలిసే కార్యక్రమం మొదటివాళ్లు బయల్దేరే రోజుకు కనీసం మూడు రోజుల ముందు పెట్టండి. పరీక్షల షెడ్యూలు కూడా అదే షీట్‌లో ఉంటే తేదీ తేలికగా కుదురుతుంది.

పాతికమంది విందులో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేరు. అది ఫొటోలకు పనికొస్తుంది. నిజమైన వీడ్కోలు ఒక్కొక్కరితో విడిగా జరగాలి. మీకు దగ్గరివాళ్లని నలుగురైదుగురి పేర్లు రాసుకుని, ఒక్కొక్కరికీ ఒక సాయంత్రం ఇవ్వండి. నడక, వంట, ఇద్దరికీ ఇష్టమైన చోటు, ఏదైనా సరే. వాళ్లు మీకు ఏం చేశారో ఒక ప్రత్యేకమైన సంగతితో చెప్పండి: "మొదటి వారం నాతో బ్యాంకుకు వచ్చావు, లేకపోతే నాకు తోచేది కాదు" అన్నట్టు. నోటితో చెప్పలేకపోతే చేతిరాతలో అరపేజీ ఉత్తరం రాయండి. ఉత్తరాలు మూడో వారంలోనే రాసి పెట్టుకోండి. విమానం ముందు రాత్రి నిద్రకళ్లతో రాసినవి అందరికీ ఒకేలా వస్తాయి.

ఆ దేశపు స్నేహితులు ఈ వారాల్లో కొంచెం దూరంగా ఉన్నట్టు అనిపించవచ్చు. తప్పుగా తీసుకోకండి. వాళ్లకు పరీక్షలున్నాయి, వాళ్ల జీవితం అక్కడే సాగుతుంది, మీకున్న తొందర వాళ్లకు కనిపించదు. "నేను ఫలానా తేదీన వెళ్తున్నాను, అంతకుముందు ఒకసారి కలవాలి, బుధవారం కుదురుతుందా?" అని తేదీతో అడగండి. "ఎప్పుడైనా కలుద్దాం" అంటే ఆ రోజు రాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియక బాధపడతారు. వెళ్లే ముందు పది రోజుల్లో రూమ్మేట్లతో, ప్రాణ స్నేహితులతో చిన్న విషయాలకు తగాదాలు వస్తాయి. గిన్నెలు కడగలేదని, ఫోన్ ఎత్తలేదని. విడిపోవడం సులువు కావడానికి మనసు వెతుక్కునే దారి అది. కొందరు గొడవపడకుండా ముందుగానే మనసులో వెళ్లిపోతారు: గంటల తరబడి ఇంటికి ఫోన్లు, వెళ్లాక చేయాల్సిన వాటి ప్లాన్లు. రెండూ సహజమే. గమనించినప్పుడు పేరు పెట్టి చెప్పేయండి: "నాకు వెళ్లాలని లేదు, అందుకే చిరాకు పడుతున్నాను." అంతటితో సగం తగాదాలు చల్లారతాయి. ఇంటివాళ్లతో మాట్లాడే సమయం రోజుకో అరగంటకు తగ్గించండి. ఐదు వారాల తర్వాత వాళ్లు రోజూ ఎదురుగానే ఉంటారు.

స్నేహితులు కాని మనుషులను మరవకండి. లైబ్రరీ కౌంటర్లో రోజూ పలకరించే ఆవిడ, హాస్టల్ శుభ్రం చేసే ఆయన, మీ ఉచ్చారణ ఓపిగ్గా సరిదిద్దిన టీచర్. వీళ్లకు పేరుతో ఒక థాంక్యూ కార్డు, రెండు వాక్యాలు వాళ్ల భాషలో. కాంటాక్టు వివరాలు తీసుకునేటప్పుడు అక్కడి నంబరు, యూనివర్సిటీ ఈమెయిల్ కాకుండా పదేళ్లయినా పనిచేసేది తీసుకోండి, పోస్టు చిరునామా కూడా.

గుర్తుగా ఏం దాచుకోవాలి

టూరిస్టు ఫొటోలు మీ దగ్గర చాలానే ఉంటాయి. లేనివి మామూలు వాటివి. ఖాళీ చేయకముందు మీ గది, డెస్కు మీది చెత్తతో సహా. క్లాసుకు వెళ్లే దారి మొత్తం ఒక వీడియో. నోటీసు బోర్డు, బస్టాపు, వంటింటి ఫ్రిజ్ మీది చీటీలు. ఫోన్ రికార్డరుతో శబ్దాలు, ఒక్కోటి ఒకటి రెండు నిమిషాలు: స్టేషన్లో ప్రకటనలు, క్యాంటీన్ రొద, స్నేహితులు వంట చేస్తూ మాట్లాడుకోవడం (వాళ్లకు చెప్పి). 2014లో టింగ్ జాంగ్, సహ పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో మనుషులు తమ రోజువారీ సంగతుల రికార్డును తర్వాత చూసినప్పుడు, ముందు ఊహించినదానికన్నా ఎక్కువ ఆసక్తితో చూశారని తేలింది. ఈ రోజు రాయడం అనవసరం అనిపించేదే తర్వాత విలువైనదవుతుంది. కాబట్టి రాత్రికి పది వాక్యాలు రాయండి: ఎవరు ఏమన్నారు, ఏం తిన్నారు, వాతావరణం ఎలా ఉంది. భావాల కన్నా వివరాలు రాయండి, భావాలు వివరాల వెంటే తిరిగొస్తాయి.

అయితే అన్నీ ఫొటో తీయకండి. మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ మ్యూజియంలో చేసిన అధ్యయనంలో, ఫొటో తీసిన వస్తువులు ఊరికే చూసిన వాటికన్నా తక్కువ గుర్తున్నాయి. ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనబడలేదు. ఒక చోటికి రెండే ఫొటోలు, అదీ ఒక చిన్న వివరానివి తీసి, ఫోన్ జేబులో పెట్టేయండి.

గది, సామాను

అమ్మాల్సినవి మూడు వారాల ముందే అమ్మకానికి పెట్టండి, "ఫలానా తేదీ తర్వాత తీసుకెళ్లొచ్చు" అని రాసి. ఆఖరి వారంలో హాస్టల్ అంతా ఒకేసారి అమ్ముతుంది, ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్లుండరు. మీ గదిలోకి వచ్చే తర్వాతి విద్యార్థి ఎవరో తెలిస్తే మొదట వాళ్లనే అడగండి. దుప్పటి, తువ్వాలు, ఒక గిన్నె, ఒక పళ్లెం చివరి దాకా ఉంచుకోండి.

సామాను బరువును చాలామంది తక్కువ అంచనా వేస్తారు. చాలా విమాన సంస్థల్లో ఒక పెట్టెకు 23 కిలోలు. మామూలు ఏ4 కాగితం ఒక్కోటి ఐదు గ్రాములు, అంటే 200 కాగితాల నోట్సు ఒక కిలో. నోట్సు స్కాన్ చేసి వదిలేయండి. పుస్తకాలు పోస్టులో పంపాలంటే నౌక ద్వారా రెండు మూడు నెలలు పట్టొచ్చు కాబట్టి ఇప్పుడే పంపండి. మూడో వారంలోనే ఒకసారి పెట్టెలో అన్నీ పెట్టి తూచి చూడండి. ఎక్కువైతే ఆలోచించడానికి అప్పుడు సమయం ఉంటుంది. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే వెళ్లాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. పరిమితి సాధారణంగా 100 వాట్-అవర్. 20,000 ఎంఏహెచ్ ఉన్నది సుమారు 74 వాట్-అవర్, ఇబ్బంది లేదు.

గది అప్పగింతకు వారం ముందు ఒకసారి చూసి చెప్పమని అడగండి. వార్డెను గానీ యజమాని గానీ ఏది బాగుచేయాలో చెబితే డిపాజిట్‌లో కోత తప్పుతుంది. ఫ్రీజర్ ఉంటే 24 గంటల ముందు ఆపి, తలుపు తెరిచి, కింద తువ్వాలు పరచండి. కుళాయిల మీది తెల్లటి మరకలకు వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచితే వదులుతాయి. గోడకు అంటించిన కొక్కేలు హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి నెమ్మదిగా లాగండి, లేకపోతే రంగు ఊడొస్తుంది. శుభ్రం చేశాక ప్రతి గోడకూ, అల్మారా లోపలికీ, మీటరు రీడింగుకూ ఫొటో తీయండి. తాళాలు ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

ఆఖరి వారం, ఆ తర్వాత

మనం ఒక అనుభవాన్ని తలుచుకునేటప్పుడు దాని ముగింపుకు ఎక్కువ బరువిస్తాం. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ బృందం చేసిన చల్లనీళ్ల ప్రయోగం దీనికి పేరుపొందింది. నొప్పి పుట్టేంత చల్లగా, 14 డిగ్రీల నీళ్లలో నిమిషం చెయ్యి ఉంచడం ఒకటి, అదే నిమిషానికి ఇంకో అరనిమిషం కలిపి నీటిని 15 డిగ్రీలకు పెంచడం ఇంకొకటి. ఏది మళ్లీ చేస్తారని అడిగితే ఎక్కువమంది పొడవైన రెండోదాన్నే ఎంచుకున్నారు, దాని ముగింపు కాస్త తేలికగా ఉంది కాబట్టి. ఐదు నెలల సెమిస్టర్ నిమిషన్నర ప్రయోగం కాదు, అయినా చివరి మూడు రోజులు పెట్టె మీద కూర్చుని జిప్పు లాగడంతో గడవకూడదని చెప్పడానికి అది చాలు. విమానానికి 48 గంటల ముందే పెట్టె మూసేయండి. ఆఖరి సాయంత్రం పెద్ద విందు వద్దు. ఇద్దరు ముగ్గురు దగ్గరివాళ్లతో రోజూ చేసే పనే చేయండి, తొందరగా పడుకోండి. విమానాశ్రయానికి ఎవరు రావాలో కూడా ముందే నిర్ణయించుకోండి. కొందరికి తోడు కావాలి, కొందరికి ఒంటరిగా వెళ్లడమే తేలిక.

ఇంటికి చేరాక రెండో వారం, మూడో వారంలో ఒక వెలితి వస్తుంది. పరదేశంలో ఉత్సాహం, కుంగుబాటు, సర్దుకోవడం అన్న వంపును 1955లో స్వెరె లిస్‌గార్డ్ అనే పరిశోధకుడు వర్ణిస్తే, తిరిగి వచ్చాక అదే వంపు మళ్లీ వస్తుందని 1963లో గలాహార్న్ అనే పరిశోధక దంపతులు చెప్పారు. అందరికీ ఒకేలా రాదు. వచ్చినవాళ్లు మాత్రం తమకేదో అయిందని కంగారుపడతారు. దానికి ముందస్తు ఏర్పాటు విదేశంలో ఉండగానే చేసుకోండి. గది వదిలేముందే స్నేహితులతో మొదటి గ్రూప్ కాల్ తేదీ, గంట ఖాయం చేయండి, అందరి టైమ్ జోన్లూ చూసుకుని, తిరిగి చేరిన మూడో శనివారం లాగా. నేర్చుకున్న భాషలో వారానికి ఒకసారి మాట్లాడే మనిషిని ఒకరిని ఇప్పుడే కుదుర్చుకోండి. మీ యూనివర్సిటీకి తర్వాతి సెమిస్టర్లో వచ్చే ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు సాయం చేసే బడ్డీ కార్యక్రమం ఉంటే అక్కడి నుంచే పేరు ఇవ్వండి. చాలాచోట్ల పేర్లు ఇవ్వాల్సిన గడువు మీరు తిరిగి వచ్చేసరికే దాటిపోతుంది.